నిలిపివేసిన అంబాసిడర్ కారు పునరుద్ధరణ

అంబాసిడర్ కారు హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1958 నుండి 2014 వరకు తయారు చేసిన కారు. ఏళ్ళ తరబడి వాడకుండా షెడ్డులోనో చెట్టు క్రిందనో నిలిపి ఉంచిన ఇటువంటి కారును సరిచేసి, తిరిగి రహదారిపై సురక్షితంగా నడిచే స్థితికి తీసుకురావడాన్ని పునరుద్ధరణ అంటారు. ఇది కేవలం ఇంజనును స్టార్టు చేయడం కాదు. కారు ఆగగలగాలి, మలుపు తిరగగలగాలి, వేడెక్కకుండా నడవగలగాలి, చట్టం దృష్టిలో అనుమతి పొంది ఉండాలి. నిలిచి ఉన్న కాలంలో జరిగిన నష్టం కన్న, తొందరపడి చేసిన తొలి ప్రయత్నం వలన జరిగే నష్టమే తరచుగా ఎక్కువగా ఉంటుంది. అందువలన ఈ పనిలో నైపుణ్యంతో పాటు క్రమానికి కూడా ప్రాధాన్యత ఉంది.

నేపథ్యం

అంబాసిడర్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా రూపొందింది. చాలాకాలం దీనిలో 1489 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. తరువాతి కాలంలో డీజిల్ ఇంజను, 1990వ దశకంలో ఇసుజు సంస్థ సాంకేతికతతో 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయాలు, టాక్సీలు, వైద్యులు, వ్యాపారులు, మోతుబరి రైతులు దీనిని విరివిగా వాడారు. కుటుంబ పెద్ద మరణించిన తరువాతనో, కొత్త కారు కొన్న తరువాతనో పాత అంబాసిడర్‌ను అమ్మడానికి మనసొప్పక ఇంటి ఆవరణలోనే ఉంచేసిన కుటుంబాలు తెలుగు ప్రాంతాలలో కూడా ఉన్నాయి. ఈ వ్యాసంలోని వివరాలు ముఖ్యంగా 1489 ఘ.సెం.మీ. పెట్రోలు ఇంజను గల కార్లకు వర్తిస్తాయి. పద్ధతి మాత్రం కార్బ్యురేటరు గల ఇతర పాత కార్లకు కూడా చాలావరకు ఇదే.

నిలిచి ఉన్న కారులో జరిగే మార్పులు

వాడకంలో లేని కారు పాడు కాదని ఒక సాధారణ అభిప్రాయం ఉంది. ఇది సరి కాదు. కారు కదలకపోయినా క్రింది మార్పులు జరుగుతూనే ఉంటాయి.

* పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు పోయి, మిగిలినది జిగురుగా మారి కార్బ్యురేటరులోని సన్నని జెట్లను మూసివేస్తుంది. ఖాళీ టాంకులో తేమ చేరి లోపలి గోడలు తుప్పు పడతాయి.
* బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీటి వలన మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్ల లోపలి గోడలు తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోతాయి.
* సిలిండరు గోడల మీది చమురు పొర క్రమంగా జారిపోతుంది. తేమ తగిలిన చోట పిస్టన్ రింగులు గోడకు అంటుకుంటాయి. దీనినే మెకానిక్కులు ఇంజను పట్టేయడం అంటారు.
* బ్యాటరీ తనంతట తానే డిస్‌ఛార్జి అవుతుంది. లోపలి సీసపు పలకలపై గట్టి సల్ఫేటు పొర ఏర్పడి, మళ్ళీ ఛార్జి నిలుపుకునే శక్తిని కోల్పోతుంది.
* రబ్బరు గొట్టాలు, సీళ్ళు, టైర్లు ఎండి పగుళ్ళు తీస్తాయి.
* ఎలుకలు వైర్లను కొరుకుతాయి. ఎయిర్ క్లీనరులో, సీట్లలో గూళ్ళు కడతాయి.

కోస్తా ప్రాంతంలో ఉప్పు గాలి వలన తుప్పు, మెట్ట ప్రాంతాలలో ఎండ వలన రబ్బరు దెబ్బతినడం ఎక్కువగా ఉంటాయి. మట్టి నేలపై నిలిపిన కారుకు అడుగు భాగం నుండి తేమ తగులుతుంది కనుక, సిమెంటు నేలపై ఉంచిన కారు కన్న త్వరగా తుప్పు పడుతుంది.

తొలి పరిశీలన

ఏ భాగాన్నీ కదిలించక ముందే కారు చుట్టూ, క్రింద పరిశీలించాలి. బానెట్, డిక్కీ తెరిచేటప్పుడు, సీట్ల క్రింద చేయి పెట్టేటప్పుడు పాములు, తేళ్ళు ఉండే అవకాశాన్ని మరువరాదు. పొడవైన కర్రతో తట్టి, టార్చిలైటుతో చూచిన తరువాతనే చేయి పెట్టడం మంచిది.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. అందువలన నేల రేకులు, తలుపుల క్రింది పెట్టెలు, ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను కట్టలు బిగించిన చోట్లు తుప్పు పట్టాయేమో చూడాలి. సుత్తి పిడితో మెల్లగా తట్టినప్పుడు గట్టి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్న రేకు మెత్తగా పలుకుతుంది. ఈ భాగాలు పూర్తిగా తిన్నట్లయితే ఇంజనుపై ఒక్క రూపాయి ఖర్చు పెట్టక ముందే బాడీ పని గురించి నిర్ణయించుకోవాలి.

కారును జాకీపై లేపి, కేవలం జాకీని నమ్మి క్రిందికి వెళ్ళరాదు. ఇటుకలు ఒక్కసారిగా పగిలిపోతాయి కనుక వాటిని ఆధారంగా వాడరాదు. ఇనుప స్టాండ్లు, లేదా వెడల్పైన గట్టి కర్ర దిమ్మెలు వాడాలి. జాకీపై నుండి కారు జారి పడితే క్రింద ఉన్నవారి ప్రాణానికే ముప్పు.

ఇంజనును చేతితో తిప్పడం

కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫు కొట్టడం సాధారణంగా చేసే పొరపాటు. రింగులు అంటుకుని ఉంటే అవి విరగవచ్చు. వాల్వు బిగుసుకుని ఉంటే పుష్‌రాడ్డు వంగవచ్చు. చమురు పొర లేని బేరింగులు ఒరిపిడికి గురి అవుతాయి. వీటిలో ఏది జరిగినా ఇంజను పూర్తిగా విప్పవలసి వస్తుంది.

సరైన పద్ధతి ఈ విధంగా ఉంటుంది. ముందుగా నాలుగు స్పార్కు ప్లగ్గులను విప్పాలి. ప్రతి సిలిండరులో రెండు మూడు చెంచాల పలుచని ఇంజన్ ఆయిలు పోసి, కనీసం ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. తరువాత గేరు న్యూట్రలులో ఉంచి, ముందు పుల్లీ నట్టుకు పానా పట్టి గాని, హ్యాండిల్ సదుపాయం ఉన్న కార్లలో దానితో గాని, ఇంజనును అది తిరిగే దిశలోనే మెల్లగా త్రిప్పాలి. కదలకపోతే బలం ప్రయోగించరాదు. మళ్ళీ ఆయిలు పోసి వేచి ఉండాలి. కొన్ని ఇంజన్లు వారం, పది రోజుల తరువాత వదులవుతాయి. అప్పటికీ కదలకపోతే సిలిండరు హెడ్డు విప్పడమే మార్గం.

ఇంజను తిరగడం మొదలైన తరువాత పైనున్న రాకర్ కవరు తీసి, రెండు పూర్తి చుట్లు త్రిప్పుతూ ఎనిమిది వాల్వులూ లేచి, తిరిగి మూసుకుంటున్నాయో లేదో గమనించాలి. తెరుచుకుని అలాగే ఉండిపోయిన వాల్వు ఉంటే దానిని వదులు చేయకుండా ముందుకు పోరాదు.

ఇంజన్ ఆయిలు, శీతలీకరణ

పాత ఇంజన్ ఆయిలును పూర్తిగా తీసివేసి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోయాలి. తీసిన ఆయిలు ఇచ్చే సమాచారం విలువైనది. అది పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే నీరు చేరిందని అర్థం. పెట్రోలు వాసన వచ్చి, డిప్‌స్టిక్కుపై మట్టం పెరిగి ఉంటే, ఇంజనుపై బిగించిన పెట్రోలు పంపులోని పొర చిరిగి పెట్రోలు క్రిందికి దిగుతున్నదని అనుమానించాలి. అటువంటి ఆయిలుతో ఇంజను నడిపితే బేరింగులు త్వరగా అరిగిపోతాయి.

రేడియేటరులో గోధుమ రంగు నీరు ఉండడం ఇనుప బ్లాకు లోపల తుప్పు పట్టిందనడానికి గుర్తు. రేడియేటరును, బ్లాకును విడివిడిగా శుభ్రమైన నీటితో, సాధారణ ప్రవాహానికి వ్యతిరేక దిశలో కడగాలి. రబ్బరు గొట్టాలు, ఫ్యాను బెల్టు కొత్తవి వేయాలి. బ్లాకు ప్రక్కన ఉండే గుండ్రని రేకు బిళ్ళలు, అనగా వెల్ష్ ప్లగ్గులు చెమ్మగిల్లుతున్నాయేమో చూడాలి. ఊరి బోరు నీటికి బదులు స్వేదనజలంలో కలిపిన కూలెంటు వాడితే సున్నపు పొర, తుప్పు తగ్గుతాయి.

ఇంధన వ్యవస్థ

టాంకులోని పాత పెట్రోలును పూర్తిగా తీసివేయాలి. దానిని మురుగు కాలువలో గాని, బావి దగ్గర గాని పారబోయరాదు. భూగర్భ జలం కలుషితం కావడమే కాక, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. టాంకును విప్పి లోపల కడిగి ఆరబెట్టాలి. తుప్పు ఎక్కువగా ఉంటే లోపలి పూత వేయించాలి. పెట్రోలు ఆవిరి ఉన్న టాంకుకు వెల్డింగు చేయించడం విస్ఫోటనానికి దారి తీస్తుంది.

కార్బ్యురేటరును విప్పి జెట్లను కార్బ్యురేటరు క్లీనరుతో, గాలితో శుభ్రపరచాలి. తీగతో పొడిస్తే జెట్టు రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువగా పోతుంది. పంపు లోపలి పొరను, ఫ్లోటు నీడిలును మార్చడం మంచిది.

భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000వ సంవత్సరంలో నిలిచిపోయింది. ఆ పూర్వపు ఇంజన్లలో వాల్వు సీట్లకు సీసం కొంత రక్షణ ఇచ్చేది. నేటి పెట్రోలుతో ఎక్కువ వేగంతో, ఎక్కువ బరువుతో నడిపితే సీట్లు అరిగి వాల్వు సందు తగ్గుతుంది. అందువలన ట్యాపెట్ల సందును అప్పుడప్పుడు కొలవాలి. హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించడం శాశ్వత పరిష్కారం.

రెండవ మార్పు ఇథనాల్. 2023 నుండి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దశలవారీగా అమ్మకానికి వచ్చి, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత కాలపు రబ్బరు, కార్కు భాగాలను మెత్తబరచి పాడు చేస్తుంది. టాంకులో పేరుకున్న జిగురును కరిగించి ముందుకు తెస్తుంది. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయడం, ఫిల్టరును తొలి రోజులలో తరచుగా మార్చడం, కారును మళ్ళీ నెలల తరబడి నిండు టాంకుతో నిలిపి ఉంచకపోవడం అవసరం.

విద్యుత్ వ్యవస్థ

పాత బ్యాటరీని తిరిగి బ్రతికించే ప్రయత్నం సాధారణంగా ఫలించదు. ఛార్జి నిండిన 12 వోల్టుల బ్యాటరీ కొంతసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. బ్యాటరీ కలిపే ముందు ఏ ధ్రువం బాడీకి కలిపి ఉందో చూడాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో ధన ధ్రువాన్ని బాడీకి కలిపే ఆచారం ఉండేది. తారుమారుగా కలిపితే ఆల్టర్నేటరు వంటి భాగాలు కాలిపోతాయి.

ఎలుకలు కొరికిన వైర్లను టేపుతో చుట్టి వదిలివేయరాదు. ఆ భాగం మార్చాలి. పాత కార్లలో ఫ్యూజులు తక్కువ కనుక, ఒక్క వైరు బాడీకి తగిలినా మంటలు లేవవచ్చు.

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లపై ఏర్పడిన పొరను సన్నని గరుకు కాగితంతో తీసివేసి, సందును సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయాలి. కండెన్సరును మార్చడం తక్కువ ఖర్చుతో కూడిన జాగ్రత్త. ఈ ఇంజనులో సిలిండర్లు మండే క్రమం 1-3-4-2. ప్లగ్గు వైర్లు ఈ క్రమంలో లేకపోతే అన్నీ సరిగా ఉన్నా ఇంజను స్టార్టు కాదు.

తొలిసారి స్టార్టు చేయడం

కారును ఆరుబయటకు తెచ్చిన తరువాతనే ఇంజను స్టార్టు చేయాలి. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం. దీనికి రంగు, వాసన ఉండవు. దగ్గరలో మంటలు ఆర్పే సాధనం, ఇసుక బకెట్టు ఉంచుకోవాలి. కార్బ్యురేటరు నోటిలో పెట్రోలు పోసి స్టార్టు చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఇంజను ఎదురు దెబ్బ కొట్టినప్పుడు ఆ పెట్రోలు మంటగా పైకి లేచి ముఖం, చేతులు కాలే ప్రమాదం ఉన్నందున ఇది చేయరాదు.

చక్రాల ముందు వెనుకల అడ్డు దిమ్మెలు పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచాలి. స్పార్కు ప్లగ్గులు లేకుండా, స్పార్కు రాకుండా కాయిలు వైరు తీసివేసి, కొద్ది కొద్ది సేపు సెల్ఫు కొట్టి ఆయిలు పీడనం వచ్చేవరకు ఇంజనును త్రిప్పాలి. దీని వలన బేరింగులకు ముందుగానే ఆయిలు చేరుతుంది. తరువాత ప్లగ్గులు, వైర్లు తిరిగి బిగించి స్టార్టు చేయాలి. స్టార్టయిన పది సెకండ్లలో ఆయిలు పీడనం కనిపించకపోతే వెంటనే ఆపాలి. ఇంజనును మొదటే గట్టిగా రేస్ చేయరాదు.

మొదటి కొద్ది నిమిషాలు నాన పెట్టిన ఆయిలు కాలి పొగ రావడం సహజం. తరువాత కూడా పొగ తగ్గకపోతే దాని రంగును బట్టి కారణం ఊహించవచ్చు.

* నీలి పొగ: రింగులు లేదా వాల్వు గైడ్ల ద్వారా ఇంజన్ ఆయిలు కాలుతున్నది.
* నల్ల పొగ: పెట్రోలు అవసరానికి మించి పోతున్నది.
* ఆగని తెల్ల పొగ: హెడ్డు గాస్కెట్టు ద్వారా నీరు సిలిండరులోకి చేరుతున్నది.

బ్రేకులు

ఇంజను నడవడం ఎంతో సంతోషాన్నిచ్చే ఘట్టం. ప్రమాదం జరిగేది కూడా సాధారణంగా ఆ సంతోషంలోనే. స్టార్టయిన కారును ఒకసారి వీధి చివరి వరకు నడిపి చూద్దామని బయలుదేరిన తరువాత బ్రేకు పెడలు నేలకు తగలడం అరుదైన విషయం కాదు. బ్రేకులు పూర్తిగా సరిచేసే వరకు కారును దాని స్వంత శక్తితో కదిలించరాదు.

పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు, హైడ్రాలిక్ పద్ధతిలో ఉంటాయి. పాత నమూనాలలో ఒకే ఆయిలు మార్గం నాలుగు చక్రాలకూ పోతుంది. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందువలన మాస్టర్ సిలిండరు, అన్ని వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మార్చడం లేదా కొత్త కిట్లు వేయడం తప్పనిసరి అనుకోవాలి. గుంటలు పడిన సిలిండరుకు కొత్త వాషరు వేసినా కారడం ఆగదు. ఇనుప పైపులు పైకి బాగున్నా, క్లిప్పుల క్రింద తుప్పు పట్టి ఉండవచ్చు.

హ్యాండు బ్రేకు వేసి వదిలిన కారులో షూలు డ్రమ్ముకు అంటుకుని ఉంటాయి. డ్రమ్మును చుట్టూ మెల్లగా తట్టి విడదీయాలి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కనుక ఆ ధూళిని నోటితో గాని గాలి పంపుతో గాని ఊదరాదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయాలి.

కొత్త బ్రేకు ఆయిలు నిర్ణీత రకానిదై, సీలు వేసిన డబ్బాలోనిదై ఉండాలి. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని మరగదు. తేమ చేరినప్పుడు ఈ కనీస ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగిన ఆయిలులో బుడగలు ఏర్పడి పెడలు మెత్తబడడానికి కారణం ఇదే. ఆయిలు పోసిన తరువాత నాలుగు చక్రాల వద్ద గాలి తీయాలి. పెడలును ఒక నిమిషం పాటు గట్టిగా నొక్కి ఉంచినా క్రిందికి దిగకపోతేనే పని పూర్తయినట్లు.

క్లచ్, టైర్లు, స్టీరింగు

తేమ వలన క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోవడం సాధారణం. అప్పుడు పెడలు నొక్కినా గేరు పడదు. పెడలును కొన్ని రోజులు నొక్కి ఉంచేటట్లు కర్ర బిగించడం, ఇంజను వేడెక్కిన తరువాత మళ్ళీ ప్రయత్నించడం వంటి ఉపాయాలు ఫలించకపోతే గేరు బాక్సు దించవలసి ఉంటుంది.

టైర్లలో గాలి నిలిచినంత మాత్రాన అవి పనికివస్తాయని కాదు. 2000 తరువాతి టైర్ల ప్రక్క గోడపై నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. పదేళ్ళు దాటినవి గీతలు పూర్తిగా ఉన్నా మార్చాలి. స్టీరింగు కీళ్ళు, వీల్ బేరింగులు, ముందు సస్పెన్షను కీళ్ళలోని ఎండిన గ్రీజు తీసి కొత్తది పెట్టాలి.

రహదారిపై పరీక్ష

రిజిస్ట్రేషను, బీమా అమలులో లేని కారును పరీక్ష కొరకైనా రహదారిపై నడపరాదు. ప్రహరీ లోపల లేదా సొంత స్థలంలో ముందుగా మెల్లగా నడిపి, బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుతున్నదేమో చూడాలి. పత్రాలు వచ్చిన తరువాత తొలి ప్రయాణాలు ఇంటికి దగ్గరలోనే, పగటి పూట చేయాలి. ప్రతి ప్రయాణం తరువాత ఆయిలు, నీరు, బ్రేకు ఆయిలు మట్టాలు చూడాలి. చక్రాల డ్రమ్ములను చేతితో జాగ్రత్తగా తాకి చూస్తే, ఒకటి మిగిలిన వాటి కన్న ఎక్కువ వేడిగా ఉండడం ఆ బ్రేకు పట్టి ఉందని తెలుపుతుంది. సుమారు 500 కిలోమీటర్ల తరువాత ఇంజన్ ఆయిలు మళ్ళీ మార్చాలి. అప్పటి వరకు లోపలి మడ్డి కరిగి ఆయిలులో చేరుతుంది.

విడిభాగాలు

ఉత్పత్తి 2014లో నిలిచిపోయినా, అర్ధ శతాబ్దానికి పైగా పెద్దగా మారకుండా తయారైన కారు కావడం వలన అంబాసిడర్ విడిభాగాలు ఇతర పాత కార్ల కన్న సులభంగా లభిస్తాయి. కోల్‌కతాలోని మల్లిక్ బజార్, ఢిల్లీలోని కశ్మీరీ గేట్ పాత కార్ల భాగాలకు ప్రసిద్ధి. తెలుగు ప్రాంతాలలో విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ ఇటువంటి వ్యాపారానికి పేరు పొందాయి. బ్రేకు భాగాలు, రబ్బరు సీళ్ళ విషయంలో చవకైన నకిలీలకు దూరంగా ఉండాలి.

చట్టపరమైన అంశాలు

* మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వాహనాన్ని పరీక్షించి ఐదేసి సంవత్సరాలకు పునరుద్ధరిస్తారు. దీనికి ఫారం 25 ద్వారా దరఖాస్తు చేయాలి.
* 2022 ఏప్రిల్ 1 నుండి కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు. 2025లో 20 ఏళ్ళు దాటిన వాహనాలకు దీనిని మరింత పెంచారు.
* యజమాని మరణించినట్లయితే వారసులు ఫారం 31 ద్వారా పేరు మార్పించుకోవాలి. కుటుంబంలోని కార్లు నిలిచిపోవడానికి యాంత్రిక లోపం కన్న ఈ పని జరగకపోవడమే కారణమైన సందర్భాలు ఉన్నాయి. కనుక మెకానిక్కును పిలిచే ముందే ఆర్.సి. పుస్తకం, అందులోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూసుకోవాలి.
* 50 ఏళ్ళు దాటి, మౌలిక రూపం మారని కార్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. వీటి నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. ఇటువంటి వాహనాలను నిత్యం వాడుకోవడానికి అనుమతి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు వంటి సందర్భాలలోనే నడపవచ్చు.

పునరుద్ధరణకు అర్హత

ప్రతి కారూ పునరుద్ధరణకు తగినది కాదు. బాడీ బరువు మోసే భాగాలు తుప్పు తిని, ఇంజను పట్టేసి, పత్రాలు కూడా లేని కారుపై పెట్టే ఖర్చు తిరిగి రాదు. అటువంటి కారు మరొక కారుకు విడిభాగాలు ఇచ్చి ఉపయోగపడుతుంది. బాడీ గట్టిగా ఉండి, ఇంజను చేతితో తిరిగి, ఆర్.సి. చేతిలో ఉన్న కారుకు మాత్రం చాలా సందర్భాలలో బ్రేకులు, టైర్లు, గొట్టాలు, బ్యాటరీ, కార్బ్యురేటరు పని సరిపోతుంది. పునరుద్ధరించిన తరువాత కారును తిరిగి పాడు కాకుండా కాపాడే మార్గం వాడకమే. రెండు వారాలకొకసారి ఇంజను పూర్తిగా వేడెక్కే వరకు పది, పదిహేను కిలోమీటర్లు నడపడం మేలు. నిలిపిన చోటనే ఐదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపివేయడం వలన లోపల తేమ చేరుతుందే గాని ప్రయోజనం ఉండదు.

ఇవి కూడా చూడండి

* హిందుస్తాన్ అంబాసిడర్
* ప్రీమియర్ పద్మిని
* కార్బ్యురేటరు
* అంతర్దహన యంత్రం
* మోటారు వాహనాల చట్టం, 1988